చెవిలో ఆయన, గుమ్మంలో ఆయన

వదినకు,

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాసిందేమిటి, దీనికి మతిగానీ పోయిందా అనుకుంటారని తెలుసు. ఇంట్లో ఫోను మాట్లాడలేకపోతున్నాను వదినా. పక్కగదిలో ఆయన ఉండగా నేను గలగలా మాట్లాడుతుంటే, ఆకలితో ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని తింటున్నట్టు ఉంటోంది. పోనీ వీధిలోకి వెళ్ళి మాట్లాడదామంటే మీరేమో "ఆఁ? ఏవిటీ?" అని అరుస్తారు, నేను అంతకన్నా గట్టిగా అరవాలి. అందుకని మధ్యాహ్నం ల్యాబులో భోజనం డబ్బా పక్కకి జరిపి ఇది రాస్తున్నాను. కాగితం మీద తెల్ల మరకలు ప్లాస్టరువి. కంగారుపడకండి.

ముందు మీరు అడగబోయేదానికి జవాబు. మీ తమ్ముడు బాగానే ఉన్నారు. మెడ మీద గాయం ఆరింది. స్వరపేటిక మొత్తం తీసేశారు కాబట్టి ఊపిరంతా ఇక ఆ రంధ్రంలోంచే. దుమ్ము పడకుండా దాని మీద పలచటి గుడ్డ కట్టుకుంటారు. తిండి మెత్తగా చేసి పెడితే తింటున్నారు. జబ్బు తిరగబెట్టే సూచనలేమీ లేవని డాక్టరు అన్నాడు. ఏమైనా చెప్పాలంటే చిన్న తెల్ల పలక మీద రాసి చూపిస్తారు. ఆయన దస్తూరి సంగతి మీకు నేను చెప్పాలా? మొన్న "పాలు" అని రాస్తే నేను "పాము" అని చదివి కుర్చీ ఎక్కాను. ఆయనకు నవ్వొచ్చింది. వదినా, ఆ నవ్వుకి చప్పుడు లేదు. భుజాలు మాత్రం కదిలాయి. నేను కుర్చీ మీద అలాగే నిలబడి ఏడ్చాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే ఆయన చదివిన పుస్తకాల రికార్డింగులన్నీ అట్టపెట్టెలో పెట్టి అటక మీదకి ఎక్కించేశారు. రేడియో కూడా తీసేశారు. ఇంట్లో తన గొంతు వినపడకూడదని పలక మీద రాసి, నేను చదివానో లేదో నా మొహంలోకి చూసి, తుడిచేశారు. నేను తలూపాను. ఆ మాట నేను నిలబెట్టుకోవడం లేదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

జబ్బు బయటపడే రోజుల్లో ఆయనొక పెద్ద నవల చదువుతున్నారు, గుర్తుందా? "గాజు నేల" అని. పూర్తి కాలేదు. చివరి మూడు అధ్యాయాలు మిగిలిపోయాయి. వాటిని ఏం చెయ్యాలో ఆలోచించుకోమని, అప్పటిదాకా చదివిందంతా స్టూడియోలో రికార్డింగు చూసే అతను నా ఫోనుకి పంపించాడు. నేను వినకూడదనుకున్నాను. ల్యాబులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కట్టుడు పళ్ళు చేసే పని నాది. ఎవరివో చిగుళ్ళ అచ్చులు ఎదురుగా పెట్టుకుని మైనంలో ఒక్కొక్క పన్నూ గుచ్చుతూ ఉంటాను. అన్నీ తెరుచుకున్న నోళ్ళే, ఒక్కటీ మాట్లాడదు. ఒకరోజు తట్టుకోలేక చెవిలో పెట్టుకున్నాను.

ఆ కథలో లోకం ఎప్పుడో కాలిపోయింది. ఆ వేడికి ఇసకంతా కరిగి, చల్లారి, కనుచూపు మేర గాజు అయిపోయింది. దాని మీద నడిస్తే అడుగు కింద సన్నగా హోరు వినిపిస్తుంది. గాజు అడుగున ఎక్కడో ఒక పెద్ద యంత్రం నిద్రపోతోంది. రాత్రి అది కన్న కలలు తెల్లారేసరికి పైకి తేలతాయి. ఒకరోజు ఇల్లు లేని మెట్లు. ఇంకోరోజు ఎవరూ లేని సంత, తక్కెళ్ళు ఇంకా ఊగుతూ. దీపం పట్టుకున్న ఒక ఆడమనిషి, మాటలొచ్చిన ఒక ఇనుప ఒంటె కలిసి ఆ యంత్రాన్ని నిద్రలేపడానికి బయల్దేరతారు. ఒంటెకి లోపల భయం. అది మేలుకుంటే మనం మిగులుతామా, మనమూ దాని కలేనేమో అని. ఆ ఒంటె గొంతు ఆయన ఎంత బాగా పెట్టారో! తుప్పు పట్టిన తలుపులా కిర్రుమంటూ, ప్రతిదానికీ సణుగుతూ. పళ్ళు అరగదీస్తూ ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే మా ఓనరు అడిగాడు.

"ఏంటమ్మా, చెవిలో ఎవరూ?"

"మా ఆయన," అన్నాను.

ఓనరు పాపం పాలిష్ చక్రం వైపు తిరిగిపోయాడు.

ఒక సంగతి మీకు ఎప్పుడూ చెప్పలేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆయన గొంతు ఇంట్లో విన్నది తక్కువ. రోజంతా స్టూడియోలో చదివి వచ్చేవారు. వచ్చాక గొంతు దాచుకోవాలి, రేపు మళ్ళీ చదవాలి. గోరువెచ్చటి నీళ్ళు, "ఊఁ", "ఉహూఁ", అంతే. ఎక్కడెక్కడివాళ్ళకో గంటలకొద్దీ కథలు చెప్పిన మనిషి నాకు చెప్పింది ఊఁ, ఉహూఁ. నేనేమీ అనుకోలేదు, అది ఆయన వృత్తి. ఇప్పుడు మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా ఒక్కదానికే చెబుతున్నారు. కొత్తగా పెళ్ళయినట్టుంది వదినా. సిగ్గు విడిచి చెబుతున్నాను. సాయంత్రం చెవిలోంచి తీసి ఇంటికి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు. తలుపు తీస్తే గుడ్డ కట్టుకుని కూర్చున్న ఒక మనిషి తలెత్తి చూస్తాడు. ఈయన ఎవరు, నా ఆయన్ని ఏం చేశాడు అనిపిస్తోంది. ఒక క్షణమే. ఆ క్షణం రోజూ వస్తోంది.

స్టూడియోవాళ్ళు ఒక దారి చెప్పారు. ఇన్నేళ్ళ రికార్డింగులు ఉన్నాయి కదా, వాటితో యంత్రానికి ఆయన గొంతు నేర్పించి మిగిలిన అధ్యాయాలు దానితో చదివిస్తారట. అంతేకాదు, ఫోనులో మనం ఏది టైపు చేస్తే అది ఆయన గొంతులో పలికే ఏర్పాటు కూడా చేస్తారట. మీ తమ్ముడికి చెప్పాను. పలక తీసుకుని శుభ్రంగా తుడిచారు. తరవాత "వద్దు" అని రాశారు. కింద ఇంకో వరస, "వాడు వేరు, నేను వేరు."

నేను స్టూడియో అతనికి సరే అన్నాను. ఆయనకు తెలియదు. మీకు చెప్పకుండా ఉండలేక చెబుతున్నాను. మీరు తిట్టినా సరే.

మీ మరదలు

*

వదినా,

ఈ ఉత్తరం చేరేలోపే మీ తమ్ముడు మీ గుమ్మం ఎక్కి ఉంటారు. బయల్దేరారన్న సంగతి నాకు పలక చూస్తేనే తెలిసింది. "అక్క దగ్గరికి" అని రాసి పొయ్యి పక్కన ఆనించి వెళ్ళారు. మందులు తీసుకెళ్ళారు, చలికోటు మర్చిపోయారు. పొద్దున్నే చల్లగాలి మెడకి తగలనివ్వకండి.

ఏం జరిగిందో ఆయన మీకు చెప్పరు. నేనే చెబుతాను.

ఫోనులో ఆ గొంతు వచ్చిన రోజు ఏం టైపు చెయ్యాలో తెలియలేదు. "టీ చల్లారిపోతోంది" అని కొట్టాను. చెవిలో ఆయన, "టీ చల్లారిపోతోంది" అన్నారు. అచ్చం ఆయనే. చేతిలో ఉన్న పళ్ళ వరస కింద పడేసుకున్నాను. తరవాత ఇంకొకటి, ఇంకొకటి. "తిన్నావా?" "అలిసిపోయావు కదూ, కాసేపు కూర్చో." "ఆ నీలం చీర బాగుంది." వదినా, నాకు కావలసినవన్నీ నేనే రాసుకుని నాకు నేనే చెప్పించుకున్నాను. భోజనం మానేసి మరీ వినేదాన్ని. చివరికి ఎలా తయారయ్యానంటే, ఫోను సంచిలో ఉన్నా గొంతు వినిపించేది. కొళాయి తిప్పితే నీళ్ళలో నా పేరు. మెట్లు ఎక్కుతుంటే వెనక, "మెల్లిగా." ఒకరోజు బస్సులో "వస్తున్నానండీ" అని పైకే అన్నాను. పక్కన కూర్చున్నావిడ లేచి వేరే సీటుకి వెళ్ళిపోయింది. నిద్రపడితే గాజు నేల. దూరంగా ఎవరో నడుస్తున్న హోరు. దగ్గరికి రారు, ఆగరు.

ఇంట్లో మాత్రం ఆయన వంటగదిలో గిన్నెలు కడిగి బోర్లించి, నేను రాగానే తలెత్తి చూసేవారు. నేను చూపు తిప్పుకునేదాన్ని.

యంత్రం చదివిన అధ్యాయం కూడా పంపించారు. అంతకుముందు ఆయన ఆపిన చోట, ఒంటె గాజు దిబ్బ మీద కాళ్ళు మడుచుకుని పడుకుని, "ఇక నావల్ల కాదు, నువ్వు వెళ్ళు" అంటుంది. అక్కడ ఆయనకు దగ్గొచ్చింది. "ఒక్క నిమిషం" అన్నారు. ఆ తరవాత ఏమీ లేదు. యంత్రం దాని తరవాతి వాక్యం నుంచి మొదలుపెట్టింది. గొంతు అదే. నేను కళ్ళు మూసుకుని విన్నాను. కాసేపటికి నా ఛాతీ బిగుసుకుపోయింది, ఎందుకో అర్థం కాలేదు. తరవాత తెలిసింది, అది ఊపిరి తీసుకోవడం లేదు. పేజీ మొత్తం ఊపిరి లేకుండా చదివింది. వింటున్న నేను కూడా నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. ఆపేశాను. కానీ నా మాటలు చెప్పించుకోవడం మాత్రం మానలేదు. రెండు ముక్కల మాటలకి ఊపిరితో పనేముంది.

మొన్న సాయంత్రం పెద్ద వాన. ల్యాబులో అందరూ ముందే వెళ్ళిపోయారు. మర్నాటికి ఇవ్వాల్సిన పళ్ళ సెట్టు ఒకటి ఉందని నేను ఉండిపోయాను. చేతులు మణికట్ల దాకా ప్లాస్టరు. అందుకని ఫోను బల్ల మీద పెట్టి గొంతు పైకి వినపడేలా పెట్టుకున్నాను. ఒకటే మాట, మళ్ళీ మళ్ళీ వచ్చేలా. ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను, మీకు తెలియాలి.

"ఇంట్లో ఉన్నది నేను కాదు. నేను ఇక్కడే ఉన్నాను, నీ దగ్గరే."

ఆయన గొంతు అంటోంది, నేను ప్లాస్టరు కలుపుతున్నాను, వాన కొడుతోంది. ఎన్నోసారో తెలియదు, తలతిప్పి చూస్తే గుమ్మంలో ఆయన. ఒక గొడుగు వేసుకుని, ఇంకో గొడుగు చంకలో పెట్టుకుని. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసిపోయింది. ఎప్పటి నుంచి నిలబడ్డారో తెలియదు. ఫోను ఇంకోసారి అంది.

నా చేతులు గిన్నెలోనే ఉండిపోయాయి. ఆయన లోపలికి వచ్చి, నాకని తెచ్చిన గొడుగు బల్లకి ఆనించి, తనది కూడా దాని పక్కనే ఆనించారు. ఫోను తీసుకున్నారు. దాని మీద పడిన ప్లాస్టరు చుక్కలు చొక్కా అంచుతో తుడిచారు. ఒక్కవేలితో వెతుక్కుంటూ, వెతుక్కుంటూ ఏదో టైపు చేశారు. ఏ శాపం పెడతారో, ఏమడుగుతారో అని నేను అచ్చుల మధ్య అచ్చులా నిలబడ్డాను. ఫోను ఆయన గొంతులో అంది.

"గొడుగు తెచ్చాను. వాన పెద్దగా ఉంది."

అంతే వదినా. ఫోను నా ముందు పెట్టి, రెండు గొడుగులూ అక్కడే వదిలి బయటికి వెళ్ళిపోయారు. వానలో! ఆ రంధ్రంలోకి నీళ్ళు పోతే నేరుగా ఊపిరితిత్తుల్లోకే. చేతులైనా కడుక్కోకుండా గొడుగు తీసుకుని పరిగెత్తాను. వీధి మలుపులో దొరికారు. అరచెయ్యి మెడకి అడ్డం పెట్టుకుని తల వంచుకుని నడుస్తున్నారు. నేను గొడుగు పట్టాను. పట్టనిచ్చారు. ఇంటి దాకా ఒక్క గొడుగు కిందే నడిచాం. ఆయన ఊపిరి గుడ్డ చాటు నుంచి బుస్సు బుస్సుమంటోంది. ఆ దారి పొడుగునా నేనూ ఒక్క మాట మాట్లాడలేకపోయాను. ఏదన్నా అంటే ఆ ఫోను అన్నట్టే ఉంటుందని.

మర్నాడు నేను లేచేసరికి పలక.

ఆయన్ని పంపించమని అడిగే మొహం నాకు లేదు. ఎలా ఉన్నారో మాత్రం రాయండి.

మీ మరదలు

*

మరదలు పిల్లకి,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిదానికి జవాబు రాయలేదని అనుకుంటున్నావేమో. అది చదివి నీ మీద కోపంతో అలమారాలో పెట్టి తాళం వేశాను. రెండోదానికి ఆ కోపం చల్లారింది.

వాడు వచ్చాడు. చలికోటు లేకుండానే. గుమ్మంలో నిలబడి ఉంటే ముందు ఎవరో అనుకున్నాను, అంత చిక్కిపోయాడు. "ఏరా, నీ పెళ్ళాం తిండి పెట్టట్లేదా?" అన్నాను. వాడు నవ్వాడు. నువ్వు రాసినట్టే, చప్పుడు లేకుండా. నేను ఏడవలేదు. నువ్వు ఏడ్చినట్టు ఏడవలేదు. ఎందుకో చెబుతాను, కూర్చుని చదువు.

ఆపరేషనయ్యాక నేను చూడ్డానికి రాలేదని నీ మనసులో ఉంది. పైకి అనవు, నీ మంచితనం. మోకాళ్ళ నొప్పులని చెప్పాను. మోకాళ్ళ నొప్పులు నిజమే, కానీ కారణం అది కాదు. వాణ్ణి మాట లేకుండా చూస్తే నాకేమవుతుందో నాకే తెలియక భయపడ్డాను.

ఇది నీకు వాడు చెప్పి ఉండడు. చెప్పుకోవడం వాడికి నామోషీ. మా వాడికి చిన్నప్పుడు మాట లేదు. అస్సలు లేదని కాదు, నోరు తెరిస్తే మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోయేవాడు. మొహం ఎర్రబడి, కళ్ళు తేలేసి. బడిలో అందరూ నవ్వేసరికి ఇక నోరు తెరవడమే మానేశాడు. మీసాలొచ్చే వయసు దాకా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. మా అమ్మ వాడు మూగవాడే అని అందరికీ చెప్పేసేది, అడిగేవాళ్ళ బాధ పడలేక. నాతో మాత్రం వాడికో భాష ఉండేది. ముక్కు గిల్లుకుంటే ఆకలి. చెవి లాక్కుంటే వాన వస్తోందని. రెండు వేళ్ళు బల్ల మీద నడిపిస్తే, నాన్న వస్తున్నాడు, అది దాచెయ్ అని. నాకు స్నేహితురాళ్ళు ఎందరున్నా వాడితో ఉన్నంత హాయిగా ఎవరితోనూ ఉండేదాన్ని కాదు.

తరవాత నేనే వాడికి చదవడం నేర్పాను. గట్టి అక్షరం వస్తోందనగా ముందే ఒక చిన్న ఊపిరి తీసుకుని, ఆ ఊపిరి మీద మాటని వదలాలి. వీధిలో బోర్డులు చదివించేదాన్ని, మందు సీసాల మీద కాగితాలు చదివించేదాన్ని. అలా అలా వచ్చింది ఆ గొంతు. నువ్వు పడిపోయావే, ఆ గొంతు. అందరూ పడిపోయారు. నాకూ గర్వమే. కానీ అమ్మాయ్, వాడికి మాటొచ్చాక మా భాష పోయింది. వాడు అందరివాడు అయ్యాడు. ఇంటికొస్తే గొంతు దాచుకునేవాడని రాశావు. నాకైతే దాచుకోవడానికి కూడా రాలేదు, ఏడాదికోసారి ఫోను.

ఇప్పుడు చెప్పేది విని నన్ను అసహ్యించుకోకు. వాడొచ్చిన మర్నాడు పొద్దున వరండాలో కూర్చుని ఉన్నాం. ఆకాశం మబ్బుగా ఉంది. వాడు నా వైపు చూసి చెవి లాక్కున్నాడు. బట్టలు తియ్యడానికి మేడ మీదకి పరిగెత్తాను, ఈ మోకాళ్ళతో. దిగివచ్చేసరికి వాన. వాడు నన్ను చూసి, నేను వాణ్ణి చూసి, ఇద్దరం ముసలి పిల్లల్లా నవ్వుకున్నాం. నాకు సంతోషం వేసింది. తమ్ముడికి గొంతు పోయినందుకు కాదు, అలా అనుకోకు. వాడు తిరిగొచ్చినందుకు. అంత సంతోషం వేసినందుకు తలుపేసుకుని ఏడ్చాను.

నువ్వు అనుకుంటున్నావు, అసలు మనిషి ఆ గొంతులో ఉన్నాడు, నీ ఇంట్లో మిగిలింది పొట్టు అని. నాకు తెలిసిన లెక్క వేరు. మొదట ఉన్నవాడే ఇప్పుడు నీ ఇంట్లో ఉన్నాడు. మధ్యలో వచ్చింది గొంతు. నువ్వు పెళ్ళి చేసుకున్నది గొంతునా, మనిషినా అని పంతులమ్మలా అడగను. గొంతునే చేసుకున్నావు, నాకు తెలుసు, అందులో తప్పేముంది? కానీ మొదటివాడితో నీకు ఇంకా పరిచయం కాలేదు. వాడు మంచివాడు. కొంచెం మొండి. బొమ్మలు బాగా వేస్తాడు, నీకు తెలుసా? తెలియదనుకుంటాను.

నిన్న వాడే నా ఫోను తీసుకుని ఆ గాజు నేల పుస్తకం తెప్పించమని సైగ చేశాడు. స్టూడియోవాళ్ళు పంపించారు. హాల్లో కూర్చుని ఇద్దరం విన్నాం, గోడలు అదిరేలా పెట్టుకుని, నా చెవుల సంగతి నీకు తెలుసుగా. నేను వాడి మొహమే చూస్తున్నాను, ఎక్కడ కూలిపోతాడో అని. ఒంటె మాట్లాడేసరికి నేను కేకేశాను. "ఒరేయ్, ఇది మన చిన్న మావయ్య గొంతు కదరా!" వాడు పడీపడీ నవ్వాడు, మెడ దగ్గర గుడ్డ ఎగిరి పడేంతగా. అవునట. తుప్పు పట్టిన ఒంటెకి ఆ సణుగుడు మావయ్యే.

ఇంకో సంగతి. వింటూ వింటూ వాడి పెదవులు కదిలాయి. అక్కడ ఫోనులో వాడు ఊపిరి తీసుకుంటే ఇక్కడ కుర్చీలో వీడు ఊపిరి తీసుకున్నాడు. ఒక్కసారే, ఇద్దరూ. నాకు భయం వేసింది, బాగుందని కూడా అనిపించింది. నీకెలా అనిపించేదో.

వాడు నీకు రాస్తున్నాడు. చాలా కాగితాలు చింపాడు. ఓపిక పట్టు.

నీ వదిన

*

పళ్ళ డాక్టరమ్మకి,

నేను మనసులో నిన్ను ఇలా పిలుస్తాను. పైకి ఎప్పుడూ అనలేదు. నా దస్తూరి అర్థం కాకపోతే పక్కింటావిడకి చూపించకు, వెలుతురులో పెట్టుకుని మెల్లిగా చదువు. పాము అని ఎక్కడైనా కనిపిస్తే అది పాలు.

నాకు రాయడం రాదు. జన్మంతా ఎవరో రాసినవి చదివాను. ప్రేమలు, చావులు, యుద్ధాలు అన్నీ వాళ్ళే రాసి ఇచ్చేవారు, నేను ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చూసుకునేవాణ్ణి. నా సొంత మాటలు ఎలా ఉంటాయో నాకే తెలియదు. ఇప్పుడు చూస్తున్నాను. ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. నువ్వే సర్దుకోవాలి.

ఆ రోజు ల్యాబు గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. మొదట నాకు అర్థం కాలేదు. నా గొంతు విని, నాకు మాటొచ్చేసిందని అనుకున్నాను. నిజంగా. చెయ్యి మెడ మీదకి వెళ్ళింది. తరవాత మాటలు అర్థమయ్యాయి. చాలా కోపం వచ్చింది. నీ మీద కాదు, వాడి మీద. నేను రోజూ గిన్నెలు కడిగి, నువ్వొచ్చే వేళకి వీధి వైపు చూస్తూ కూర్చుంటే, వాడు హాయిగా బల్ల మీద పడుకుని నా పెళ్ళాంతో ముచ్చట్లాడుతున్నాడు. పగలగొడదామని ఫోను తీసుకున్నాను. చేతిలోకి వచ్చాక, ఇన్నాళ్ళకి నీతో మాట్లాడే అవకాశం వచ్చింది కదా అనిపించింది. ఏమనాలో తోచలేదు. గొడుగు సంగతి తోచింది. అక్క నీ ఉత్తరాలు నాకు చూపించి, "ఇంతకన్నా మంచి మాట దొరకలేదట్రా" అని తిట్టింది.

ఇంట్లో ఉండకుండా ఇక్కడికి ఎందుకొచ్చానంటే, నీ చూపు తట్టుకోలేక. నువ్వు నన్ను చూసి చూపు తిప్పుకోవడం రోజూ చూశాను. పలక మీద రాద్దామనుకున్నాను. అంత పెద్ద మాట ఆ పలక మీద పట్టదు.

పుస్తకం సంగతి. స్టూడియోకి రాసి పంపించాను. యంత్రం చదివింది వాళ్ళు తీసేస్తారు. మిగిలిన అధ్యాయాలు అక్కడే వాతావరణం వార్తలు చదివే ఆమె చదువుతుంది. ఆమెకి "ళ" సరిగా పలకదు. ఒంటె ఎలా మాట్లాడుతుందో ఏమో. వినేవాళ్ళు తిట్టుకుంటారు. తిట్టుకోనీ. కథ మధ్యలో ఒక మనిషి ఆగిపోతే ఇంకో మనిషి అందుకోవడం నాకు బాగానే ఉంది. నాకు దగ్గొచ్చిన చోటు మాత్రం కత్తిరించొద్దన్నాను. చివరికి ఆ గాజు అడుగున యంత్రం మేలుకుంటుందో లేదో నాకు తెలుసు, పుస్తకం చదివాను కదా. నీకు చెప్పను. అది వచ్చాక ఇద్దరం కూర్చుని విందాం. చెవుల్లో పెట్టుకుని కాదు, గదిలోకి వినపడేలా.

నీ ఫోనులో ఉన్నవాణ్ణి తీసెయ్యమని నేను అడగను. ఉంచుకుంటావో, తీసేస్తావో నీ ఇష్టం. వాడి గొంతు నాకు ఇష్టమే, అది నేను ఎంతో కష్టపడి తెచ్చుకున్నాను. ఒక్కటే కోరిక. నీకు ఏదైనా వినాలనిపిస్తే ముందు నన్ను అడుగు. నీలం చీర గురించి అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. అది నాకు నచ్చదు. ఆకుపచ్చది బాగుంటుంది.

ఇక్కడ ఆసుపత్రిలో ఒకాయన మాట నేర్పుతున్నాడు. ఆయనకీ నాలాగే మెడలో రంధ్రం. గాలి మింగి, దాన్ని త్రేన్పులా పైకి తెచ్చి, నోటితో మాటగా మలచాలి. వినడానికి కప్ప మాట్లాడినట్టు ఉంటుంది. "ప", "త", "క" ముందు వస్తాయట. వారం నుంచి తంటాలు పడుతుంటే ఏమీ రాలేదు, త్రేన్పులు తప్ప. నిన్న భోజనానికి కూర్చున్నాం. కూరలో ఏమీ లేదు, చప్పగా ఉంది. ఆలోచించకుండా "ఉప్పు" అన్నాను. అక్క ఉప్పు డబ్బా అందించింది. నేను వేసుకున్నాను. ఇద్దరం రెండు ముద్దలు తిన్నాక అక్క చెయ్యి ఆగిపోయింది. నా చెయ్యీ ఆగిపోయింది. "ఏమన్నావురా?" అంది. మళ్ళీ అనమంటే రాలేదు. రాత్రి దాకా కూర్చున్నా రాలేదు. కానీ ఒకసారి వచ్చింది. అది మంచి గొంతు కాదు. నువ్వు వింటే భయపడతావేమో. నవ్వినా పరవాలేదు.

నువ్వు ఆ ఫోనుతో అనిపించుకున్న మాటల్లో కొన్ని నేను రాయాలని కూర్చున్నాను. రాసి చింపేశాను. అవి నీ మాటలు, నీ దగ్గర్నుంచి నేను ఎత్తుకోకూడదు. నావి దొరకడానికి టైము పట్టేలా ఉంది. ఆలోపు నీకు చెప్పగలిగింది ఇది. అక్క ఇల్లు బాగుంది, తిండి బాగుంది, ఇక్కడ ఎవరూ నన్ను చూసి చూపు తిప్పుకోరు. అయినా సాయంత్రం అయ్యేసరికి నువ్వు ల్యాబు నుంచి వచ్చే వేళ గుర్తొచ్చి వీధి వైపుకే చూస్తున్నాను.

శుక్రవారం పొద్దుటి బస్సుకి బయల్దేరుతున్నాను. మధ్యాహ్నం దాటాక వస్తాను. ఆ రోజు ల్యాబుకి సెలవు పెట్టు. పెట్టలేకపోతే సరే. ఒకవేళ ఇంట్లో ఉంటే, వంటగదిలో ఉన్నా, పెరట్లో ఉన్నా, నేను బయట నుంచి పిలవలేను కాబట్టి తలుపు గడియ మాత్రం పెట్టకు.

ఇట్లు
నీ ఇంట్లో ఉన్నవాడు